కొండ మీద తుపాను హెచ్చరిక

పోయిన సంచికలో ఈ శీర్షిక కింద మహేంద్రగిరి గురించి రాస్తూ చివర్లో ఒక్క వాక్యం అదనంగా రాశాను. ఆ కొండ మీద కాళ్ళు గట్టిచేసుకునే నేపాల్ హిమాలయాల్లో పదహారు రోజులు ఒంటరిగా తిరిగి వచ్చానని. మహేంద్రగిరికి రాని ఉత్తరాలు ఆ ఒక్క వాక్యానికి వచ్చాయి. షోలాపూర్ నించి ఒక పెద్దాయన “ఈ వయసులో ఒక్కరే వెళ్తుంటే ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదా?” అని చీవాట్లు పెట్టారు. హోసూరు నించి ఒక సోదరి “మావారు కూడా మొన్ననే రిటైరయ్యారు, దయచేసి దారి వివరాలు మాత్రం రాయకండి” అని వేడుకున్నారు. యానాం నించి ఒక కుర్రాడు రెండే మాటలు రాశాడు: “భయం వేయలేదా?”

సోదరిగారు నన్ను మన్నించాలి. వివరాలే రాస్తున్నాను. ఇది చదివాక ఆవిడే ఆయన్ని సాగనంపుతారో, ఆయనే మానుకుంటారో చెప్పలేను. ఏది జరిగినా నాకు సంతోషమే.

ఆ దారి పేరు అన్నపూర్ణ సర్క్యూట్. అన్నపూర్ణ అంటే మనకు కాశీలో కొలువున్న తల్లి. నేపాల్లో అదే పేరుతో 8,091 మీటర్ల శిఖరం ఉంది. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాల్లో మనిషి మొట్టమొదట ఎక్కింది దాన్నే. 1950 జూన్ 3న ఫ్రాన్సు దేశస్థులు మోరిస్ హెర్జోగ్, లూయీ లాషెనాల్ ఎక్కారు. మనం ఎక్కవలసింది శిఖరం కాదు. ఆ పర్వతాల గుంపు చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగే నడకదారి ఒకటుంది. తూర్పున మర్స్యాంగ్దీ నది వెంట పైకి వెళ్ళి, 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా అనే కనుమ దాటి, పడమట కాళీ గండకీ లోయలోకి దిగాలి. దిగగానే ముక్తినాథ్. శ్రీవైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామ క్షేత్రం అదే. మన వాళ్ళు చాలామంది పొఖరా నించి జీపుల్లోనో విమానంలోనో వెళ్ళి దర్శనం చేసుకుని వస్తారు. నేను వెనక వాకిలి నించి వెళ్ళానన్నమాట.

2017లో, నా అరవై ఒకటో ఏట వెళ్ళాను. ముగ్గురం అనుకున్నాం. ఒకరికి కూతురి కాన్పు, ఇంకొకరికి కంటి ఆపరేషను. మిగిలింది నేను. అప్పట్లో ఆ దారిలో ఒంటరిగా వెళ్ళేవాళ్ళు బోలెడుమంది. తర్వాత 2023 ఏప్రిల్ 1 నించి విదేశీయులు గైడుతోనే నడవాలని నేపాల్ ప్రభుత్వం నిబంధన తెచ్చింది. వెళ్ళదలచిన వారు ముందుగా ఈ నిబంధనల సంగతి కనుక్కోవాలి.

ఇంట్లో ఏమీ అనలేదా అంటే, అన్నారు. మా ఆవిడ నాలుగు షరతులు కాగితం మీద రాసి నా నోటుబుక్కులో అంటించింది. ఒకటి, రాత్రి మనుషులున్న చోటే పడుకోవాలి. రెండు, ఫోను పలికిన ప్రతి చోటా ఫోను చెయ్యాలి. మూడు, తలనొప్పి ఉంటే ఒక్క అడుగు కూడా పైకి వెయ్యకూడదు. నాలుగు, గుర్రానికో జీపుకో డబ్బు పెట్టాల్సి వస్తే లెక్క చూసుకోకూడదు. మూడో షరతు మా డాక్టరుగారు చెప్పింది. నాలుగోది మాత్రం ముప్ఫై నాలుగేళ్ళుగా నన్ను చూస్తున్న మనిషి రాసింది.

వాటితో పాటు నేతిలో తడిపిన మూడు వందల అరవై ఐదు వత్తుల కట్ట ఒకటి చిన్న స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఆ ఏడు కార్తిక పౌర్ణమి నవంబరు 4న పడింది. లెక్క ప్రకారం నేను 3న కనుమ దాటి, పౌర్ణమినాడు ముక్తినాథుడి ముందు ఆ దీపం వెలిగించాలి. రిజర్వేషన్లూ రోజుల లెక్కా అన్నీ దానికి సరిపోయేట్టు చేసుకున్నాను.

దీపావళి వెళ్ళిన మూడో నాడు బరంపురంలో రైలెక్కాలనుకున్న వాణ్ణి ఖాట్మండూలో పర్మిట్ల పని ఉందని పండగనాడే బయల్దేరాను. హౌరా, రక్సౌల్, బీర్గంజ్ మీదుగా ఖాట్మండూ చేరి, అక్టోబరు 24న 760 మీటర్ల ఎత్తునున్న బేసీసహర్ నించి నడక మొదలుపెట్టాను. వీపున తొమ్మిది కిలోల సంచి. అందులో రెండు జతల బట్టలు, దూది కోటు, వాన కోటు, పడక సంచి, టార్చి, మందులు, నీళ్ళు శుభ్రం చేసే బిళ్ళలు. తిండి సామాను కింద కందిపొడి, ఉసిరికాయ ఊరగాయ, ఒక కట్ట మా బరంపురం అప్పడాలు. డేరా అక్కర్లేదు. ప్రతి రెండు మూడు గంటల నడకకీ ఒక ఊరు, ఊళ్ళో లాడ్జీలు ఉంటాయి. మంచం, దుప్పటి, పూటకింత దాల్ భాత్ దొరుకుతాయి. దాల్ భాత్ అంటే పప్పూ అన్నమే. మారు అడిగితే మళ్ళీ వడ్డిస్తారు. పప్పన్నంలోకి కందిపొడి ఎందుకని మా ఆవిడ తర్వాత నవ్వింది గానీ, వారం రోజులు ఒకే రుచి తిన్నవాడికి దాని విలువ తెలుస్తుంది.

మొదటి నాలుగు రోజులూ మన తూర్పు కనుమల్లో తిరిగినట్టే ఉంది. వరి మళ్ళు, అరటి చెట్లు, మెట్ల పొలాలు, నది మీద ఊగే ఇనప తాళ్ళ వంతెనలు. జీపు రోడ్డు పడ్డాక దుమ్ము కూడా ఉంది. రోడ్డు తప్పించి నది అవతలి ఒడ్డున నడవడానికి రాళ్ళ మీదా చెట్ల మీదా ఎరుపు తెలుపు గీతలు వేసి పెట్టారు. వాటిని చూసుకుంటూ పోతే ఒంటరివాడికి కూడా దారి తప్పదు. భాష కూడా పెద్ద ఇబ్బంది పెట్టలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో హిందీ మాట్లాడిన మాబోటి వాళ్ళకి నేపాలీ సగం చుట్టరికమే. భాత్ అన్నా పానీ అన్నా ఎవరూ తెల్లబోయి చూడలేదు. వాళ్ళ భాషలో నేను కొత్తగా నేర్చుకున్న మాట ఒకటే: “బిస్తారై.” మెల్లిగా అని అర్థం. ఎదురొచ్చే ప్రతి కూలీ, లాడ్జిలో ప్రతి దిదీ ఆ మాట అంటారు. వీడ్కోలు చెప్పినట్టు, దీవించినట్టు అంటారు.

చామే దాటాక లోకం మారిపోయింది. చామే 2,670 మీటర్లు. అక్కణ్ణించి దేవదారు అడవి, తర్వాత ఎగువ పిసాంగ్, అక్కడ ఎదురుగా నిలబడే 7,937 మీటర్ల రెండో అన్నపూర్ణ. ఊళ్ళ మొదట్లో మంత్రాలు చెక్కిన రాళ్ళ గోడలుంటాయి. వాటిని కుడి చేతి వైపు ఉంచుకుని దాటాలి. మన ప్రదక్షిణమే. పిసాంగ్ నించి మానాంగ్‌కి కింద నదిని ఆనుకుని సుళువైన దారి ఉన్నా, నేను ఘ్యారు, ఙావల్ ఊళ్ళ మీదుగా పోయే పై దారి పట్టాను. ఆ దారిలో ఒక రాత్రి 3,660 మీటర్ల మీద పడుకుని మర్నాడు 3,540 మీటర్లున్న మానాంగ్‌కి దిగితే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. మానాంగ్‌లో ఇంకో రోజు ఆగాను.

ఎత్తు అలవాటు కావడం అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకోవాలి. పైకి వెళ్ళేకొద్దీ గాలిలో ఆమ్లజని పాలు మారదు. ఎక్కడైనా నూటికి ఇరవై ఒక వంతే. మారేది గాలి ఒత్తిడి. థొరాంగ్ లా మీద అది సముద్ర మట్టంతో పోలిస్తే సగమే ఉంటుంది. అంటే ఒక్కో ఊపిరికి సగం సరుకే లోపలికి చేరుతుంది. ఒంటికి కాస్త గడువిస్తే అదే సర్దుకుంటుంది. గడువివ్వకపోతే ముందు తలనొప్పి, వికారం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం. అప్పుడూ వినకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మెదడు వాయడం. ఆ రెండూ ప్రాణాంతకాలు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి మూడు నించి ఐదు వందల మీటర్లకి మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలనీ నియమం. కండబలానికీ దీనికీ సంబంధం లేదు. పడుచు వస్తాదుకి వచ్చి, పక్కనున్న ముసలమ్మకి రాకపోవచ్చు.

ఇదంతా నేను చదివి తెలుసుకున్నది కాదు. మానాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ అనే సంస్థ వైద్యశాల ఉంది. 1973లో పుట్టిన సంస్థ. దేశదేశాల డాక్టర్లు సీజనులో స్వచ్ఛందంగా వచ్చి పనిచేస్తారు. మధ్యాహ్నం పూట దారిన పోయేవాళ్ళని కూచోబెట్టి పాఠం చెబుతారు. నేనూ కూచున్నాను. చివర్లో డాక్టరమ్మ చెప్పింది నా నోటుబుక్కులో రాసుకున్నాను: పైన ఒంట్లో బాగాలేదంటే, కాదని రుజువయ్యేదాకా అది ఎత్తు వల్లే అనుకోండి.

నవంబరు 1న మానాంగ్ నించి బయల్దేరి 4,050 మీటర్ల దగ్గరున్న యాక్ ఖర్కా చేరాను. నియమాలన్నీ పాటించాను. మెల్లిగానే నడిచాను. నాలుగు లీటర్ల నీళ్ళు తాగాను. అయినా సాయంత్రం ఐదింటికి కణతల దగ్గర మొదలైంది. ఏడింటికి భోజనం ముందు కూచుంటే దాల్ వాసనకి కడుపులో తిప్పింది. రాత్రంతా నిద్ర లేదు. కళ్ళు మూసుకుంటే ఊపిరి ఆగిపోయినట్టై ఉలిక్కిపడి లేచేవాణ్ణి.

ఒంటరితనం అంటే ఏమిటో ఆ రాత్రి తెలిసింది. చీకటి వల్లా చలి వల్లా తెలిసింది కాదు. పక్కన ఎవరైనా ఉంటే “ఏమండీ, మొహం అలా ఉందేం?” అని అడిగేవారు. ఒక్కడే ఉన్నవాడిలో మాత్రం ఇద్దరు తయారవుతారు. ఒకడికి తల నొప్పెడుతుంటుంది. రెండోవాడు లాయరు. “ఇది నిద్ర లేక వచ్చిన నొప్పి. ఒక్క మాత్ర వేసుకో, తెల్లారేసరికి పోతుంది. 3న కనుమ దాటకపోతే పౌర్ణమి తప్పిపోతుంది. ఆవిడ ఇచ్చిన వత్తులు ఏం చేస్తావు?” అని వాదిస్తాడు. లాయరు మాటలు ఎంత బావుంటాయంటే, భక్తి కూడా వాడి వైపే నిలబడింది.

పొద్దున్న పక్క గది యువకుడు, పూనే నించి వచ్చినవాడు, అతనికీ తలనొప్పే. “అంకుల్, అందరికీ వస్తుంది, నడిస్తే పోతుంది” అన్నాడు. సంచి భుజాన వేసుకుని పైకి వెళ్ళాడు. నేను నోటుబుక్కు తీసి మూడో షరతు ఇంకోసారి చదువుకున్నాను. సంచి భుజాన వేసుకుని కిందికి దిగాను.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ అబ్బాయికి ఏమీ కాలేదు. ముక్తినాథ్‌లో లాడ్జి పుస్తకంలో నాలుగు రోజుల ముందే అతని సంతకం కనిపించింది. మాట విననివాడికి వెంటనే శిక్ష పడితే లోకంలో అందరూ మాట వినేవారే. కొండ అలా చెయ్యదు. పదిసార్లు ఊరుకుంటుంది. అందుకే దాని మాట వినడం అంత కష్టం.

మానాంగ్‌లో డాక్టరమ్మ నా వేలికి క్లిప్పు పెట్టి చూసింది. నేల మీద గీత గీసి మడమకి బొటనవేలు ఆనించి నడవమంది. తూలలేదు. అంటే మెదడుకి ముప్పు లేదు. “సరైన సమయానికి దిగారు, రెండు రోజులు ఇక్కడే ఉండండి” అంది. నేను మందు తీసుకుని గుమ్మం దాటుతుంటే గుర్రం మీద ఒకావిణ్ణి తీసుకొచ్చారు. నడిపిద్దామంటే ఆవిడ తప్ప తాగినట్టు తూలుతోంది, తన పేరు అడిగినా తడుముకుంటోంది. నా తలనొప్పి చిన్నదనిపించింది. దిగడం మాత్రం చిన్న పని అనిపించలేదు.

అలా కార్తిక పౌర్ణమి నాకు మానాంగ్‌లో వచ్చింది. లాడ్జిలో ఫోను పలికింది. పౌర్ణమికి చేరలేనని చెప్పడానికి మాటలు వెతుక్కుంటుంటే, మా ఆవిడ మొత్తం వినకుండానే “నొప్పి తగ్గిందా?” అంది. తగ్గిందన్నాను. “ఇక్కడ నా వత్తులు నేను వెలిగించేశాను. మీ వత్తులు మీరు ఎప్పుడు చేరితే అప్పుడు వెలిగించండి. స్వామి అక్కడే ఉంటాడుగా” అంది. ఒడియా వాళ్ళ బోయితొ బందాణ కదా, పొద్దున్నే చెరువులో పిల్లలు వదిలిన అరటిదొన్నెల దీపాల కబుర్లు చెప్పి పెట్టేసింది. కార్తిక చంద్రుడు గంగాపూర్ణ మంచు మీద వెలుగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ రాత్రి వంటింట్లో పొయ్యి దగ్గర కూచుని, లాడ్జి దిదీకి నా అప్పడాలు కాల్చి పెట్టాను. ఆవిడకి నా వయసే ఉంటుంది. దిగి వచ్చానని సిగ్గుపడుతున్నాననుకుందేమో, తనంతట తనే ఒక కథ మొదలుపెట్టింది. మూడేళ్ళ కిందట కనుమ మీద మంచు తుపాను వచ్చి చాలామంది పోయారు, అంతకు ముందు వారమంతా ఆకాశం అద్దంలా ఉంది, ఎవరూ అనుకోలేదు అని. “ఏ నెల?” అన్నాను. అక్టోబరు, దసరాలు వెళ్ళాక అంది. తారీఖు 14.

ఒళ్ళు జలదరించింది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీద విరుచుకుపడింది హుద్‌హుద్. ఆ రోజు మా చుట్టాలు సగం మంది విశాఖలోనే ఉన్నారు. తీరం దాటాక “బలహీనపడింది” అని రేడియోలో విని మనం ఊపిరి పీల్చుకున్నాం. బలహీనపడిన ఆ గాలి అక్కడే ఆగలేదు. ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా ఉత్తరానికి పోయి, మన బంగాళాఖాతంలో మోసుకెళ్ళిన తేమని హిమాలయాల మీద మంచుగా కుమ్మరించింది. 14న థొరాంగ్ లా దగ్గర కొన్ని గంటల్లోనే నడుముల్లోతు మంచు పడింది. ఆ ప్రాంతంలో మొత్తం నలభై ముగ్గురికి తక్కువ కాకుండా చనిపోయారు. యాత్రికులే కాదు, గైడ్లు, కూలీలు, పశువుల కాపరులు కూడా. చాలామందికి ముందస్తు హెచ్చరికే అందలేదు. కనుమ మీద టీ కొట్టులో తలదాచుకున్న వాళ్ళలో కొందరు దిగడానికి బయల్దేరి మంచులో దారి తప్పారు. మన ఇళ్ళ పైకప్పులు లేపుకుపోయిన గాలే అక్కడ వాళ్ళ ప్రాణాలు తీసింది. ఆ సంగతి దిదీకి చెబితే “మీ సముద్రం నించా?” అని రెండుసార్లు అడిగింది.

బరంపురం వాళ్ళం, మాకు తుపాను కొత్త కాదు. 1999 అక్టోబరులో వచ్చిన మహా తుపాను ఒడిశాలో దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మా గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అదీ అసాధ్యపు గాలే. ఈసారి పోయినవారు పదుల్లోనే. తేడా గాలిలో లేదు. ముందుగా చెప్పారు, చెప్పింది విన్నారు. లక్షల మందిని తీరం నించి కదిలించారు. ఫైలిన్‌కి ముందురోజు గోపాలపూర్‌లో మన తెలుగు జాలరి ముసలాయన ఒకరు వలలు చుట్టి షెల్టరుకి పోతూ నాతో అన్నమాట మరిచిపోలేను. “ఇల్లొదిలి పోవడం పిరికితనమేటి బాబూ? సముద్రం ఎక్కడికీ పోదు. రేపొచ్చినా ఇక్కడే ఉంటాది.”

మానాంగ్‌లో ఆ రాత్రి నాకు ఈ రెండూ కలిసి అర్థమయ్యాయి. ఊళ్ళో ఉన్నప్పుడు హెచ్చరించడానికి రేడియో ఉంది, కలెక్టరు మైకు ఉంది, పక్కింటివాడు ఉన్నాడు, ఇంట్లో మనిషి ఉంది. ఒంటరిగా కొండెక్కినవాడికి ఇవేవీ ఉండవు. ఒంట్లో వచ్చే నొప్పే వాడి తుపాను కేంద్రం. అది ఒకటో నంబరు జెండా ఎగరేసినప్పుడే చూడాలి. పదో నంబరు దాకా ఆగితే చూడడానికి తెలివి మిగలదు. ఒంటరిగా వెళ్ళడమంటే ఎవరి మాటా వినక్కర్లేకపోవడం అని చాలామంది అనుకుంటారు. నాకు తెలిసింది దానికి తలకిందులు. డాక్టరమ్మ మాట, దిదీ మాట, కాగితం మీది భార్య మాట, ఒంటి మాట, ఇన్ని మాటలు ఎప్పుడూ వినలేదు నేను.

తర్వాతి కథ చిన్నదే. 5న మళ్ళీ యాక్ ఖర్కా చేరాను. అదే మంచం, అదే దాల్. తలనొప్పి రాలేదు. 6న థొరాంగ్ ఫేదీ. అది దాదాపు 4,500 మీటర్ల మీద కనుమ పాదంలో ఉంటుంది. అక్కడ ముందే ఆకాశం గురించి ముగ్గురిని అడిగాను. 7 తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాను. పొద్దెక్కితే కనుమ మీద గాలి నిలబడనివ్వదు, అందుకని అందరూ చీకట్లోనే కదులుతారు. తగ్గుముఖం పట్టిన చంద్రుడు, ముందు కొండ మీద టార్చీల వరస. ఇరవై అడుగులు నడవడం, ఆగి పది ఊపిర్లు తీయడం. లెక్క తప్పితే మళ్ళీ మొదటినించి. తొమ్మిది దాటాక రంగు రంగుల జెండాల గుట్ట, 5,416 అని రాసిన పలక కనిపించాయి. పైన ఒక టీ కొట్టు కూడా ఉంది. టీ తాగాను. అక్కడ పావుగంట కన్నా ఎక్కువ ఉండలేదు. ఆ మంచులో పోయినవాళ్ళకి ఒక్క దండం పెట్టి దిగడం మొదలుపెట్టాను. దిగుడు పదహారు వందల మీటర్లు. ఊపిరి కుదుటపడేకొద్దీ మోకాళ్ళు కేకలు పెట్టాయి. చేతికర్ర లేకపోతే ఆ దిగుడు నా వల్ల అయ్యేది కాదు.

8న, కార్తిక బహుళ పంచమినాడు, ముక్తినాథుడి గుడి వెనక నూట ఎనిమిది ధారల కింద తడిసి, ఆవరణలో మా ఆవిడ వత్తులు వెలిగించాను. పక్కనే జ్వాలామాయి గుడిలో నీటి పక్కన భూమిలోంచి వచ్చే గ్యాసుతో ఆరని జ్వాల వెలుగుతూ ఉంటుంది. హిందువులకి ముక్తినాథ్ అయిన చోటే టిబెట్ బౌద్ధులకి చూమిగ్ గ్యాత్సా. భిక్షుణులే అక్కడి ఆలనాపాలనా చూస్తారు. కింద కాళీ గండకీలో దొరికే సాలగ్రామాల్లో చక్రాలు సముద్రజీవుల అచ్చులు. అమ్మోనైట్లంటారు. హిమాలయాలు లేచింది టెథిస్ అనే పాత సముద్రం అడుగు నించి. కోట్ల ఏళ్ళ కిందటి ఆ గవ్వల్ని మనం విష్ణువుగా పూజగదిలో పెట్టుకుంటున్నాం. సముద్రం ఒడ్డు నించి అంత దూరం నడిచి వెళ్ళినవాడికి చివరికి అక్కడా సముద్రమే ఎదురైంది.

ఇప్పుడు అసలు మనవి. ఈ పత్రిక చదివే కుటుంబాల్లో కనుమ దాటేవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. ముక్తినాథ్ యాత్రకి వెళ్ళేవాళ్ళు మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఎత్తు సంగతి నాకన్నా వాళ్ళకే ఎక్కువ అవసరం. పొఖరా దాదాపు 800 మీటర్లు, ముక్తినాథ్ సుమారు 3,800. నేను రెండు వారాలు పట్టి ఎక్కిన ఎత్తుని జీపు ఒక్క రోజులో ఎక్కిస్తుంది. నొప్పి లేని కాళ్ళు చూసుకుని గుండే ఊపిరీ కూడా బావున్నాయనుకుంటాం. అందుకని వెళ్ళేవారు ఒక రాత్రి 2,700 మీటర్ల దగ్గర జొమ్‌సోమ్‌లోనో మార్ఫాలోనో పడుకుని, మర్నాడు పైకి వెళ్ళి దర్శనం చేసుకుని, చీకటి పడేలోగా మళ్ళీ కిందికి వచ్చి పడుకుంటే మేలు. బీపీ, గుండె, ఆయాసం ఉన్నవారు ముందే తమ డాక్టరుని అడగాలి. మాత్రలు ఆయన చెప్పినవే వేసుకోవాలి. నూట ఎనిమిది ధారల నీళ్ళు మంచు కరిగిన నీళ్ళు. నెత్తిన చల్లుకున్నా పుణ్యం తగ్గదు.

బస్సులో నలభై మంది ఉన్నప్పుడు “నాకు తల నొప్పెడుతోంది” అని చెప్పడం ఒక్కడే ఉన్నప్పటికన్నా కష్టం. అందరి యాత్రా నా వల్ల ఆగుతుందేమోనని నోరు మూసుకుంటాం. అలా నోరు మూసుకునే అత్తగారో పెద్దన్నయ్యో మీ బస్సులోనూ ఉంటారు. పక్కనున్నవారు గంటకోసారి వాళ్ళని అడగండి. చెప్పకపోయినా మొహం చూడండి.

యానాం అబ్బాయికి నా జవాబు: వేసింది నాయనా. భయం వేసింది కాబట్టే దిగాను. దిగాను కాబట్టే దాటాను.